ఖంగుమనే బండ, గుల్ల పలికే నేల

టైల్స్ రాకముందు, మొజాయిక్ ఇంకా పట్నంలో ఉన్నవాళ్ల ముచ్చటగా ఉన్న రోజుల్లో, ఇంట్లో నేలంటే నాపబండలే. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, కడప నల్లబండ. ఎంత దూరం లారీలో వెళ్లినా పుట్టిన ఊరి పేరు మాత్రం పోయేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచి, చాప కూడా లేకుండా వీపు ఆనించి పడుకుంటే ఒంట్లోకి ఎక్కే ఆ చల్లదనం ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటి ప్రతి ఇంట్లోనూ వంటింటి గడప దగ్గరో, రోటి పక్కనో ఏ గుడ్డకూ లొంగని తెల్లటి మచ్చ ఒకటి ఉండేది. ఎప్పుడో నిమ్మరసం ఒలికిన చోటు, లేదంటే చింతపండు పులుసు పడిన చోటు.

నిజానికి అది మరక కాదు. మరకంటే రాయికి ఏదో అంటుకోవాలి. ఇక్కడ రాయే కరిగి పోయింది. నాపరాయి సున్నపురాయి జాతి. పులుపు తగిలితే సన్నగా నురగ కక్కి పైపొర కరుగుతుంది, నునుపు పోయి గరుకు తేలుతుంది. ఎంత తోమినా మెరుపు తిరిగి రాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. నాపబండల మీద మరుగుదొడ్డి యాసిడ్ పోయకూడదని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. పోస్తే ఆ క్షణానికి తెల్లగా శుభ్రపడినట్టే ఉంటుంది. తర్వాత ఆ గరుకులో మురికి చేరి, ముందుకంటే నల్లగా తయారవుతుంది. మామూలు సబ్బునీళ్లు చాలు.

బెలుం గుహలు ఎలా పుట్టాయని ఎవరైనా అడిగితే ఆ నిమ్మకాయ మచ్చ చూపిస్తే సరిపోతుంది. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, కొంచెం కలుపుకుంటుంది. నేలలో దిగేటప్పుడు చెట్ల వేళ్ల మధ్య నుంచి ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. అప్పటికి అది చాలా పల్చటి పులుపునీరు, మనం తాగే సోడా కంటే పల్చన. అదే నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి, ఏళ్లు కాదు, లక్షల ఏళ్లు నడిస్తే వెంట్రుకంత పగులు వేలంత, వేలంతది మనిషి దూరేంత, ఆ తర్వాత ఊరి జనమంతా నిలబడేంత అవుతుంది. మా వైపు దాన్ని గవి అంటారు. గుహ అనే మాట పర్యాటక శాఖ బోర్డులతో పాటు వచ్చింది.

బేతంచెర్ల, బనగానపల్లె, ఔకు, కోవెలకుంట్ల, కొలిమిగుండ్ల. ఒకప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎర్రమల కొండలకూ నల్లమలకూ మధ్య ఈ నేలంతా రాతి పొరల మీదే ఉంది. భూగర్భ శాస్త్రంవాళ్లు ఆ పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, దాని మీద నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, పైన నంద్యాల షేల్. క్వార్ట్‌జైట్ అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, షేల్ అంటే బురద గట్టిపడి పొరలు పొరలుగా విడే రాయి. పేర్లు వింటే కండక్టరు స్టాపులు పిలుస్తున్నట్టే ఉంటుంది. అన్నీ కలిపి కర్నూలు గ్రూపు. అడుగునున్న బనగానపల్లె పొరలోని గులకరాళ్లలోనే ఒకప్పుడు వజ్రాలు వెతికేవాళ్లు. సున్నపురాయి పొరల్లో మాత్రం ఎంత వెతికినా ఒక్క నత్తగుల్ల కూడా దొరకదు. ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద. ఆ బురద పేరుకునే నాటికి ప్రపంచంలో గుల్ల ఉన్న ప్రాణి అసలు పుట్టనే లేదు.

బురద పేరుకున్న తీరే బండకు ప్రాణం. సున్నపు బురద ఒక పొర, దాని మీద పల్చగా బంకమట్టి, మళ్లీ సున్నపు బురద. ఆ బంకమట్టి దగ్గరే రాయి విడుతుంది. గనిలో పనిచేసేవాళ్లు ముందు పైమట్టి, దాని కింద చితికిన రాయి తీసేస్తారు. గట్టి పొర తేలాక నీళ్లు పోసి కడుగుతారు. తడి ఆరేటప్పుడు గమనిస్తే, కంటికి ఆనని పగులు కూడా నల్లటి గీతలా కాసేపు నిలుస్తుంది, మిగతా రాయి ముందే ఆరిపోతుంది కాబట్టి. ఆ గీతలను బట్టే ఏ ముక్క ఎంత పొడుగు వస్తుందో లెక్క. ఉలితో వరసగా గాడి కొట్టి, పొర అంచున గడ్డపార మొన దూర్చి, ఒకేచోట బలం పెట్టకుండా అంచు పొడవునా కొంచెం కొంచెం కదుపుతూ పోతే బండ దోసె లేచినట్టు లేస్తుంది. ఒక మూల నుంచే తొందరపడి ఎత్తితే మధ్యకు విరుగుతుంది. అప్పుడు ఆరడుగుల బండ మూడడుగుల బండ అవుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే పడిపోతుంది. బేతంచెర్ల చుట్టూ కొండల్లా కనిపించే గుట్టల్లో చాలావరకు కొండలు కావు, అలా పనికిరాకుండా పోయిన ముక్కలే.

లేచిన బండను నిలబెట్టి సుత్తి మొనతో ఒక్కటి తడతారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా, మూగగా వినబడితే లోపల ఎక్కడో చీలిక ఉంది, లేదా పొర సగం విడిపోయి ఉంది. గుల్ల పలుకుతోంది అంటారు. అలాంటిది గోడకో దడికో పనికొస్తుంది తప్ప మిద్దెకు వాడకూడదు. ఇల్లు కట్టుకునేవాళ్లు లారీ దిగేటప్పుడే ప్రతి బండనూ రూపాయి బిళ్లతో తట్టి ఏరుకునేవాళ్లు. ఇప్పుడు కట్టర్లు వచ్చి అంచులు తిన్నగా వస్తున్నాయి, పాలిష్ కూడా అక్కడే పడుతోంది. తట్టి చూసే అలవాటు మాత్రం తగ్గింది. అది తగ్గకూడదు. అంచు ఎంత తిన్నగా ఉన్నా లోపలి చీలికను యంత్రం చూపించదు.

పరిచాక కూడా అదే పరీక్ష. బండ కింద సిమెంటు గచ్చు నిండుగా పడకుండా నాలుగు మూలలా నాలుగు ముద్దలు వేసి వదిలేస్తే, మధ్యలో గాలి నిలుస్తుంది. ఆరిన వారానికి కర్రతో తడుతూ పోతే ఎక్కడ గుల్లో చెప్పేస్తుంది. అక్కడే రోకలి పడిన రోజున పగులుతుంది. పరిచే ముందు బండను నీళ్లతో బాగా తడపాలి, లేకపోతే అడుగున అంటిన దుమ్ము వల్ల గచ్చు పట్టదు. సందులు మరీ ఇరుకు చేస్తే సిమెంటు లోపలికి దిగదు. కొద్దిగా ఎడం ఇచ్చి నిండుగా కూరాలి.

మిద్దెలకైతే దూలాల మీద దంతెలు, అంటే అడ్డంగా పరిచే సన్న దూలాలు, దంతెల మీద బండలు, ఆపైన చౌడు మట్టి. దంతెల ఎడం బండ పొడవును బట్టే ఉండాలి, రెండు బండల అతుకు సరిగ్గా దంతె నడిమధ్యన పడాలి. పక్కకు జరిగితే వానకు నీళ్లు వెతుక్కునేది ఆ అతుకునే. కళ్లం చుట్టూ దడి, పశువుల కొట్టంలో నేల, నీళ్ల తొట్టి, బడి ముందు అరుగు, ఊరి చావడి, వంటగట్టు, అన్నింటికీ అదే రాయి. కాల్చితే సున్నం, పండక్కి గోడలకు అదే. ఒక్క రాయితో ఊరంతా నిలబడిన కాలం అది.

నీళ్ల సంగతి వేరు. మా వైపు బావినీళ్లతో కందిపప్పు ఉడికేది కాదు. చిటికెడు వంటసోడా వేయందే మెత్తబడదు. బిందె అడుగున, నీళ్లు కాచుకునే గుండిగ లోపల తెల్లటి పెంకు కట్టేది. నెలకోసారి చింతపండు వేసి తోమేవాళ్లు, నిమ్మకాయ మచ్చలో జరిగిందే ఇక్కడా జరిగి పెంకు వదిలేది. రాతిలో కరిగిన సున్నం నీళ్లలో వచ్చి, ఆ నీళ్లు కాగినా, గాలి తగిలినా తిరిగి రాయి కడుతుంది. గవిలో పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలూ, నేల మీద లేచిన లింగాలూ మన గుండిగలో కట్టిన పెంకే, కాకపోతే చాలా నిదానంగా. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. మోచేతి పొడుగు ఊడ అంటే కొన్ని వేల ఏళ్లు.

బోరు వేయించేవాళ్ల బాధ ఈ నేలకు ప్రత్యేకం. గట్టి సున్నపురాయిలో చుక్క నీరుండదు. నీళ్లన్నీ పగుళ్లలో, గవుల్లోనే. అందుకే ఒకరి చేలో మూడొందల అడుగులు దిగినా తెల్లపొడే వస్తుంది, పక్క చేలో ఎనభైకే పొంగుతుంది. డ్రిల్లింగు జరుగుతుండగా పైకి వస్తున్న పొడి ఉన్నట్టుండి ఆగిపోయి, రాడ్డు చేతిలోంచి జారినట్టు దిగితే కింద ఖాళీ తగిలినట్టు. కంప్రెసరు గాలంతా ఆ ఖాళీలోకి పోతుంది. అదృష్టం ఉంటే నీళ్లు, లేకపోతే ఎర్రబురద. బురద తగిలినప్పుడు ఆ లోతు దాటేదాకా కేసింగు పైపు దింపకపోతే మోటరు నెలలో కూరుకుపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, ఇది ఇప్పటికీ చాలామంది పట్టించుకోరు. ఇసుక నేలలా సున్నపురాయి నీటిని వడకట్టదు. పగులు దొరికితే మరుగుదొడ్డి గుంత నీళ్లు నేరుగా తాగే బావిలోకి చేరతాయి. దూరంగా ఉంది కదా అనుకుంటే సరిపోదు. గుంత అడుగూ గోడలూ గచ్చు చేయించాలి.

బెలుం కొలిమిగుండ్ల మండలంలో ఉంది, తాడిపత్రి నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కర్నూలు నుంచి 106. ఇప్పుడైతే పెద్ద బుద్ధ విగ్రహం దూరానికే కనిపిస్తుంది. అంతకుముందు చెప్తే తప్ప తెలిసేది కాదు. కొండ లేదు, లోయ లేదు, చదునైన చేను మధ్య మూడు గుంతలు, పాడుబడ్డ బావుల్లా. నడిమి గుంతే దారి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దీని గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ కదిలించలేదు. 1982, 83లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం వచ్చి లోపల టేపు పట్టి కొలిచింది. మొత్తం 3,229 మీటర్లు. మైదాన ప్రాంతపు గుహల్లో మన దేశంలో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. 2002లో మెట్లూ దీపాలూ పెట్టి జనానికి తెరిచారు. అందులో సగం, ఒకటిన్నర కిలోమీటరు వరకు చూడొచ్చు.

దీపాలు లేని కాలపు బెలుం వేరే లోకం. లోపల చాలా దారులు ఒండ్రుమట్టితో సగం పూడిపోయి ఉండేవి. నడిచే చోట నడిచి, మిగతాది పాకడమే. అలాంటి గవిలోకి దిగేవాళ్లు పాటించాల్సిన పద్ధతి ఇప్పటికీ మారలేదు. మనిషికి మూడు దీపాలు ఉండాలి, ఒకటి ఆరితే ఇంకోటి, అదీ పోతే మూడోది బయటికి రావడానికి. ప్రతి మలుపులో సుద్దతో బాణం గుర్తు, అది ఎప్పుడూ బయటికి పోయే దిక్కునే చూపాలి. లోపలికి వెళ్లే దిక్కున ఒకరూ, బయటికి వచ్చే దిక్కున ఒకరూ గీస్తే అందరూ తప్పిపోతారు. దాటిన ప్రతి చీలిక దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసుకోవాలి, ఎందుకంటే వచ్చేటప్పుడు దారి అటు వైపు నుంచి కనిపిస్తుంది, పోల్చుకోలేం. పైన ఒక మనిషి ఉండాలి, ఎప్పటికి తిరిగొస్తారో ఆ మనిషికి తెలిసి ఉండాలి. మబ్బు పట్టిన రోజున దిగకూడదు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎక్కడో పడిన వాన పగుళ్ల గుండా వచ్చేస్తుంది.

బొర్రా చూసినవాళ్లు బెలుం అలాగే ఉంటుందనుకుంటారు. కాదు. అనంతగిరి కొండల్లో బొర్రా ఎత్తయిన పెద్ద హాలు, పైనున్న కంత నుంచి వెలుగు పడుతుంది, చల్లగా ఉంటుంది, కింద గోస్తని పారుతుంది. బెలుం అడ్డంగా పాకిన దారుల వల. గోడలు చేత్తో నిమిరినట్టు నున్నగా, కప్పు గుమ్మటంలా వంగి ఉంటాయి. అంటే ఒకప్పుడు ఈ దారులు కప్పు దాకా నీళ్లతో నిండి పారాయన్న మాట. లోపల ఉక్క, చెమట కారిపోతుంది. గాలి కోసం పైనుంచి గొట్టాలు వేశారు గానీ ఆయాసం ఉన్నవాళ్లు గవి అడుగున పారే పాతాళగంగ మెట్లు దిగే ముందు ఆలోచించుకోవాలి. నూలు బట్టలు, పట్టున్న చెప్పులు, మనిషికో నీళ్ల సీసా, చేతిలో సొంత టార్చి. కరెంటు పోతే ఉన్నచోటే నిలబడాలి, చీకట్లో అడుగు వేయకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున్నే వెళ్లడం మంచిది. సెలవు రోజు మధ్యాహ్నం జనం ఊపిరికే లోపల వేడెక్కుతుంది.

కోటిలింగాలు, వేయి పడగలు, ధ్యానమందిరం, ఊడలమర్రి. పేర్లు పెట్టినవాళ్లు చూసి పెట్టారు. ఊడలమర్రి దగ్గర కప్పు నుంచి దిగిన స్తంభం చుట్టూ ఊడలు నిజంగానే మర్రిచెట్టును తలపిస్తాయి. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను చెక్కతోనో వేలి కణుపుతోనో తడితే లోహంలా మోగుతాయి, సన్నది ఒక స్వరం, లావుది ఇంకోటి. గనిలో సుత్తికి పలికిన రాయే ఇదీ. కానీ ఇక్కడ తట్టకండి. రోజుకు వందమంది తడితే ఊడ అంచు రాలుతుంది, ఒకసారి గుల్ల పలికాక ఇక అంతే. పట్టుకుని ఫొటో దిగడం కూడా వద్దు. చేతి జిడ్డు అంటిన చోట నీటిబొట్టు నిలవదు, పెరుగుదల ఆగి నల్లబడుతుంది. రంగురంగుల దీపాల పక్కన రాయి మీద పచ్చటి పాచి కనిపిస్తే అదీ మనం తెచ్చిందే, ఆ వెలుగు లేకపోతే అక్కడ పాచి బతకదు. రంగులు తీసేసి మనిషి నడిచినప్పుడే వెలిగే మామూలు తెల్లదీపాలు పెడితే గవి గవిలా ఉంటుంది.

బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గవుల గురించి ఎక్కువమందికి తెలియదు. ఇప్పుడు బిల్వస్వర్గం అంటున్నారు. కప్పు కూలిపోయి ఇరుకు లోయల్లా తేలినవి, మధ్యలో కూలకుండా మిగిలిన రాతి తోరణం ఒకటి. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే వీటి గురించి రాశాడు. లండన్ నుంచి జీవశాస్త్రవేత్త హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాక బ్రూస్ ఫుట్‌ను ఇక్కడికి పంపారు. తర్వాత నెలల తరబడి తవ్వకం చూసుకున్నది ఆయన కొడుకు హెన్రీ. ఎముకలు రాశులుగా దొరికాయి. వాటిలో ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా లేని ఖడ్గమృగం ఒకటి, 1886లో శిలాజాల శాస్త్రవేత్త లిడెక్కర్ దానికి మన కర్నూలు పేరే పెట్టాడు. ఖడ్గమృగం నీడకు వచ్చిన చోటది. అక్కడికి వెళితే నేలను గీకకండి, ఎముక ముక్క కనిపించినా జేబులో వేసుకోకండి. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముక ఏమీ చెప్పదు. తేనెపట్లు చూసుకుని మసలుకోవాలి, పొగ, సెంటు రెండూ వద్దు. దీపాలూ మెట్లూ ఉంటాయని లెక్కవేసుకుని బయలుదేరొద్దు. ఊళ్లోవాళ్లను తోడు తీసుకోండి.

జుర్రేరు వాగు పక్క జ్వాలాపురం కూడా అదే దారి. అక్కడి తెల్లటి మెత్తటి మట్టిని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్మేవాళ్లు. అది మట్టి కాదు, సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. ఆ బూడిదకు కిందా పైనా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో లోకానికి తెలిసింది. గిన్నెలు తోమి పారేసినది ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు.

యాగంటి సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెరిగే బసవన్న, కాకి వాలని కొండ, ఎండాకాలంలోనూ తగ్గని పుష్కరిణి. బసవన్న చుట్టూ ప్రదక్షిణ చేసిన రోజులు పెద్దవాళ్లకు గుర్తున్నాయి, ఇప్పుడు స్తంభానికీ విగ్రహానికీ మధ్య మనిషి పట్టడు. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్లు బాగున్నప్పుడే ఎక్కాలి.

రైలు మీద వచ్చేవాళ్లకు గుంతకల్లు, నంద్యాల దారిలో బేతంచెర్ల స్టేషను ఉంది. మీటర్‌గేజి రోజుల్లో బండలన్నీ ఆ స్టేషనులోనే ఎక్కేవి. 2016లో ఎర్రగుంట్ల, నంద్యాల లైను తెరిచాక బనగానపల్లెకూ రైలు వచ్చింది. రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు బేతంచెర్ల, బిలసర్గం, యాగంటి. రెండో రోజు పొద్దున్నే బెలుం.

బెలుంలో పాతాళగంగ దగ్గర కాసేపు ఆగండి. నేలకు 46 మీటర్ల కింద, గవిలో అన్నిటికంటే లోతైన చోటు అదే. సన్నటి పాయ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పారి, రాతిలోకి దూరి కనపడకుండా పోతుంది. రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావిలో తేలుతుందని అక్కడివాళ్ల నమ్మకం. పక్కనున్నవాళ్లను మాట్లాడొద్దని చెప్పి నిలబడితే, నీళ్లు రాతి కిందికి జారే చప్పుడు వినబడుతుంది.